ధర పలికిన తర్వాత

“మళ్ళీ మొదట్నించి పెట్టు” అన్నది ఈశ్వరమ్మ.

సుప్రజ తండ్రి మొహం చూసింది. వరదరాజులు కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నిన్న సాయంత్రం సుప్రజ చివరిదాకా విన్నప్పటి నుంచి, లారీ కెమెరా పంపిన ఆ రికార్డింగు ఆ ఇంట్లో ఎన్నిసార్లు మోగిందో ఆయన లెక్కపెట్టడం మానేశాడు. మదనపల్లె టమోటా మార్కెట్లో మండీ పెట్టిన నాటి నుంచి ఆయన లెక్క మానేసిన సందర్భాలు తక్కువ.

“సాల్లేమ్మా, విన్యాం గదా” అన్నాడు కూతురితో.

“నువ్వు వినింది సగం. మిగిలిన సగం ఇంకా నీ చెవుల్లోకి పోలే” అన్నది ఈశ్వరమ్మ భర్తతో.

సుప్రజ ఫోన్ మీద వేలు ఆనించింది. ముందు లారీ ఇంజను రొద. ఆ రొద మధ్యలో ఒక మగ గొంతు హిందీలో, నీ ఓనరుతో పనేముంది, లోడు నేరుగా నా దగ్గర దించు అంటోంది. ఎంత ఇస్తావని అడుగుతున్న రెండో గొంతు ముద్దుకృష్ణది. ఈశ్వరమ్మ తమ్ముడు, మండీ లారీ నడిపేవాడు. హిందీ తడబడుతోంది కానీ అడిగింది స్పష్టంగానే ఉంది. మొదటి గొంతు ఒక ధర చెప్పింది.

ఇంతవరకే వరదరాజులు వారం కిందట మండీలో విన్నాడు.

ఆయనకు వచ్చిన హిందీ అంతా ధరల హిందీ. అంకెలు, క్రేట్లు, ఎప్పుడు దించుతావు, ఎంతకు ఇస్తావు. అంతకు మించిన హిందీ ఆయనకు ఏనాడూ అక్కరకు రాలేదు. పైగా వేలం పాట నడిచేటప్పుడు ధర తెగిన క్షణాన చెవిని ఆ సరుకు లాటు మీద నుంచి తీసి పక్క లాటు మీద వేయాలి. ధర పలికిన తర్వాత వచ్చేది రైతు నిట్టూర్పో, కొన్నవాడి గొణుగుడో. వాటిని వింటూ కూర్చుంటే పక్క లాటు చేజారిపోతుంది. ఇన్నేళ్ళుగా చెవికి అదే పని, అదే అలవాటు. అందుకే ఆ రోజు కూడా ధర వినపడగానే ఫోన్ ఆపేశాడు.

ఆపకుండా ఉంటే ఇది వినపడి ఉండేది.

“ధర బాగుండాది సేట్. మా బావకు చెప్తా. సరుకు నాది కాదు, ఆయనది. నాకు స్టీరింగు పట్టుకునేది నేర్పించింది ఆయన. ఆయనకు తెలీకుండా ఒక్క క్రేటు కూడా దించను.”

సుప్రజ దాన్ని హిందీలోంచి తెలుగులోకి నిన్ననే చెప్పింది. ఇప్పుడు చెప్పలేదు. చెప్పకపోయినా ముగ్గురికీ తెలుసు.

ఆ తర్వాత సేటు గొంతు మెత్తబడింది. బాగా చెప్పారు, ఇంకొకసారి చెప్పండి అన్నది. ముద్దుకృష్ణ ఇంకొకసారి చెప్పాడు. ఈసారి గట్టిగా, ధైర్యంగా అన్నది ఆ గొంతు. ముద్దుకృష్ణ ఇంజను రొదను మించి అరిచాడు, సరుకు మా బావది అని.

ఆ సేటు మనిషి కాదు. ఫోన్లో భాష నేర్పించే పాఠం. మనం ఎవరితో మాట్లాడాలంటే వాళ్ళ వేషం అదే కట్టి మాట్లాడిస్తుంది. కాలేజీలో తన స్నేహితురాళ్ళందరి దగ్గరా ఉంది కాబట్టి సుప్రజ ఆ గొంతును ఇట్టే పోల్చుకుంది.

వరదరాజులు మాత్రం ధర విన్న ఊపులో, మండీ నిండా రైతులూ హమాలీలూ కొనేవాళ్ళూ ఉండగా, నా బామ్మర్ది దొంగ, నా సరుకును నా వెనకాల అమ్ముకుంటాండాడు అని కేకలు వేశాడు. ఆ రోజే ముద్దుకృష్ణ లారీ తాళాలు గుమాస్తా కిరణ్ చేతిలో పెట్టి తల్లి ఉండే కుప్పానికి బస్సెక్కాడు. ఒక్క మాట అడగలేదు. అడగకపోవడమే రుజువని వరదరాజులు అప్పుడు లెక్క కట్టాడు.

రికార్డింగు అయిపోయింది. ఈశ్వరమ్మ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. గ్లాసులో కాఫీ తాగకుండా అట్లే ఉంది.

కాసేపటికి వంటింట్లోంచే అన్నది. “కుప్పం పోదాం. వాణ్ణి పిల్చుకొని రావల్ల.”

“ఫోన్ చేసి చెప్తే రాడా?”

లోపల గ్లాసు కడుగుతున్న చప్పుడు వినపడింది.

“లారీ ఊరికే నిలబడి ఉండాదని చెప్తే వాడే వస్తాడు” అన్నాడు మళ్ళీ.

ఈశ్వరమ్మ గడప దాకా వచ్చి నిలబడింది. కోపంగా ఉండి ఉంటే బాగుండేది. కోపానికి ఎదురు మాట ఆయన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

“అంతమంది ముందర అన్న మాట. ఫోన్లో ఎట్ల ఎనక్కి తీసుకుంటావు?”

*

వరదరాజులు ఉత్త చేతులతో పోయే మనిషి కాదు. ముద్దుకృష్ణకు ప్యాంటు, చొక్కా గుడ్డ తీసుకున్నాడు. అత్తగారికి చీర, ఆకూ వక్కా, పండ్లు, మిఠాయి తీసుకున్నాడు. అవన్నీ కారులో పెట్టాక కూడా తన వైపు తక్కెడ తేలిపోతున్నట్టే అనిపించింది. అప్పుడు తట్టింది, దారిలోనే పుంగనూరు ఉంది కదా అని.

పుంగనూరులో లక్ష్మీపతి ఉన్నాడు. ఆయన కూతురు రేవతిని ముద్దుకృష్ణకు ఇచ్చేట్టు మాట అయింది. తాంబూలాలు మార్చుకోవడమే మిగిలింది. మండీలో కేకలు పడిన మర్నాడే లక్ష్మీపతి, కొన్నాళ్ళు ఆగుదాంలే అని కబురు పెట్టాడు. ఇప్పుడు ముందు ఆయన దగ్గరికి పోయి, ఆ సంబంధాన్ని మళ్ళీ నిలబెట్టి, దాన్ని పట్టుకుని కుప్పంలో దిగితే ముద్దుకృష్ణ కాదనలేడు. క్షమాపణ కంటే పెళ్ళి బరువైన సరుకు. దాని కింద క్షమాపణ కనపడకుండా పోతుందని వరదరాజులు అంచనా.

ఈ మాట భార్యతో అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. ఒప్పుకుందని అనుకున్నాడు.

కారు ఆయనే నడిపాడు. ముందు సీట్లో సుప్రజ, వెనక ఈశ్వరమ్మ. అద్దం దగ్గర నల్లటి చిన్న పెట్టె ఉంది. లారీకి కెమెరా పెట్టించినప్పుడు, ఒకటి కొంటే రెండోది చవకగా వస్తుందని కారుకూ పెట్టించాడు. అది రోడ్డునూ చూస్తుంది, నడిపేవాణ్ణీ చూస్తుంది, మాటలనూ పట్టి ఉంచుతుంది. కునుకు తీస్తే అరుస్తుంది, ఆవులిస్తే అరుస్తుంది, చూపు పక్కకు పోతే అరుస్తుంది. అరిచిన ప్రతిసారీ ఓనరు ఫోనుకు కబురు పంపుతుంది.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. తర్వాత ఆయన చూపు తెలియకుండానే కిందికి వాలడం మొదలుపెట్టింది. నిన్నటి నుంచి ఆయన మెడ అట్లే ఉంది.

“దయచేసి రోడ్డు వైపు చూడండి” అన్నది పెట్టె, బడి పంతులమ్మ గొంతుతో.

ఆయన తల ఎత్తాడు. కొంత దూరం పోయాక మళ్ళీ వాలింది. మళ్ళీ అన్నది. ఆయన జేబులో ఫోను కూడా గుర్రుమన్నది. తన తప్పు తనకే వచ్చి చేరింది.

“ఆపెయ్యొచ్చా దీన్ని?” అని కూతుర్ని అడిగాడు.

“ఆపేదానికి రాకుండా చేయించింది నువ్వే కదా నాన్నా. మామ ఆపేస్తాడని.”

మూడోసారి అరిచినప్పుడు వెనక నుంచి ఈశ్వరమ్మ గొంతు వచ్చింది.

“వానికీ ఇట్లనే అరుస్తాదా?”

“మిషన్ కదా, అందరికీ ఒకటే.”

“రాయపూర్ దాకా?”

మండీ లోడ్లు పోయే రాయపూర్ దాకా, పోతూ వస్తూ. అరిచిన ప్రతిసారీ వరదరాజులు మండీలో కూర్చుని ఫోన్ చేసి, ఏం కృష్ణా, నిద్రపోతాండావా, నా సరుకంతా గుంటలో ఏస్తావా అని అరిచేవాడు. కొన్నాళ్ళకు ఆ కబుర్లు తగ్గిపోయాయి. పెట్టె పనిచేసిందని, మనిషిని దారిలో పెట్టిందని పక్క మండీల వాళ్ళకు గొప్పగా చెప్పుకున్నాడు. ఇద్దరు ముగ్గురు ఆయన మాట విని తమ లారీలకూ పెట్టించుకున్నారు.

పుంగనూరు వచ్చేదాకా కారులో పెట్టె తప్ప ఎవరూ మాట్లాడలేదు.

*

లక్ష్మీపతి ఊరి చివర పట్టుపురుగుల షెడ్డు గుమ్మంలో ఎదురుపడ్డాడు. చేతిలో మల్బరీ ఆకు మోపు. వచ్చినవాళ్ళను చూసి మోపు దించాడు కానీ గుమ్మం దిగి రాలేదు.

“పురుగు పండుకొచ్చిందప్పా. బయట వాళ్ళను లోపలికి రానీకూడదు. ఈడనే నిలబడి మాట్లాడుకుందాం.”

అది నిజమే. పట్టు పెంచే ఇళ్ళలో గూడు కట్టే రోజుల్లో ఎవరైనా అదే చెప్తారు. కానీ పక్కనే ఇల్లు ఉంది, ఇంటి ముందు వరండాలో కుర్చీలు ఉన్నాయి. వాటి మాట రాలేదు. ఈశ్వరమ్మ కారు దిగలేదు. సుప్రజ దిగి తండ్రికి ఒక అడుగు వెనక నిలబడింది.

వరదరాజులు చెప్పుకొచ్చాడు. ఫోను సంగతి, పాఠం సంగతి, సేటు వేషం కట్టిన గొంతు సంగతి, అన్నీ చెప్పాడు. ముద్దుకృష్ణ ఎంత బంగారమో చెప్పాడు. నిన్న మొన్నటి దాకా దొంగ అన్న నోటితోనే చెప్తున్నాడు కాబట్టి మాటలు ఎక్కువ పట్టాయి. చివరికి తప్పు ఎవరి నెత్తిన పెట్టాలో వచ్చేసరికి ఆయన నాలుక తన దారి తాను చూసుకుంది.

“మిషన్ చేసిన పని అన్నా ఇది. ఆ పెట్టె సగమే ఇనిపిచ్చింది.”

సుప్రజ తల తిప్పి తండ్రిని చూసింది. ఆ పిల్ల ఏదన్నా అని ఉంటే కసురుకోవచ్చు. అనకపోవడంతో ఆయన చెవులు వేడెక్కాయి.

లక్ష్మీపతి ఆకు ఈనె తుంచుతూ అడిగాడు. “పెట్టె సగం ఇనిపిచ్చిందా, నువ్వు సగం ఇంటివా?”

షెడ్డు లోపల పురుగులు ఆకు మేసే చప్పుడు సన్నటి వాన మాదిరి వినపడుతోంది.

“నేనే ఆపేస్తి” అన్నాడు వరదరాజులు.

“అట్ల చెప్పు.”

లక్ష్మీపతి టమోటా కూడా పండిస్తాడు. ఏటా తెచ్చి వేసేది వరదరాజులు మండీలోనే. ఆ చనువుతోనే అడిగినట్టు అడిగాడు.

“నీ మండీలో నా లాటు మీద పాట తప్పు పలికిందనుకో. ఏం చేస్తావు?”

“అందరి ముందరా దిద్దుతాం.”

“ఎప్పుడు?”

“లాటు కదలక ముందే.”

“కదిలినాక?”

వరదరాజులుకు జవాబు తెలుసు. ఆ కట్టుబాటు మార్కెట్లో ఉన్నదే అయినా, దాన్ని అందరికంటే కచ్చితంగా పాటించేది తానేనని ఆయనకు పేరు. లాటు కదిలిందా, పలికిన ధరే ధర. ఏడ్చినా మొత్తుకున్నా మార్చేది లేదు.

“కదిలినాక లేదు” అన్నాడు.

“నీ మాట కదిలి పుంగనూరు దాకా వచ్చిందప్పా. నా గడపలోకి వచ్చింది. నా కూతురు దాన్ని వినింది.”

వరదరాజులు చేతులు రెండూ జేబుల్లోకి పోయి, మళ్ళీ బయటికి వచ్చాయి. పెట్టుకోవడానికి చోటు దొరకలేదు వాటికి.

లక్ష్మీపతి గొంతు పెంచలేదు. రేవతి ఇప్పటికీ ఆ అబ్బాయినే చేసుకుంటానంటోందని, ఆపింది తానేనని చెప్పాడు. దొంగ అని నమ్మి ఆపలేదన్నాడు.

“రేపు వాడు నాకు అల్లుడైతే, నా ఇంట్లో ఏదన్నా వస్తువు కనపడకుంటే నా నోట్లో ముందు వచ్చే పేరు ఎవరిది? నేను మంచోణ్ణే. అయినా వస్తాది. సొంత బావే అన్నాడు కదా అని వస్తాది. ఒక మనిషిని నా ఇంట్లో అట్ల బతకనిచ్చేది నాకు ఇష్టం లే.”

“నేను ఏం చెయ్యాల చెప్పన్నా.”

“వినినోళ్ళంతా మళ్ళీ వినల్ల. కదిలిన లాటును ఎట్ల ఎనక్కి తెస్తావో నీ పని అది. తెస్తే తాంబూలాలు పెట్టుకుందాం. వి.కోట సంబంధం వాళ్ళు కూడా అడుగుతాండారు, వాళ్ళకు శుక్రవారం ఏదో ఒకటి చెప్పల్ల నేను.”

రేవతి వరండాలోకి ఒకసారి వచ్చింది. చెంబులో నీళ్ళు తెచ్చింది. సుప్రజకు ఇచ్చింది, కారు దగ్గరికి పోయి ఈశ్వరమ్మకు ఇచ్చింది. వరదరాజులు దగ్గరికి వచ్చేసరికి చెంబు చేతికి ఇవ్వకుండా అరుగు మీద పెట్టి లోపలికి పోయింది. ఆయన వంగి తీసుకుని తాగాడు. దాహం లేదు. తాగకుండా వదిలేస్తే అది ఇంకొక తప్పు అవుతుందని తాగాడు.

*

పలమనేరు దాటాక ఈశ్వరమ్మ ఒక్కసారి మాట్లాడింది. “పెండ్లి సరుకు దొరికిందా?” అన్నది. అంతే. ఇంట్లో తాను వేసిన లెక్క ఆమెకు అప్పుడే అర్థమైందని, అందుకే ఏమీ అనలేదని వరదరాజులుకు తెలిసి వచ్చింది. మౌనాన్ని ఒప్పుకోలుగా జమ వేసుకోవడం అదే మొదటిసారి కాదు. ఎన్నేళ్ళ కాపురంలో ఎన్నిసార్లు వేసుకున్నాడో తలుచుకోవడానికి భయం వేసింది.

కుప్పంలో అత్తగారి ఇల్లు రైల్వే స్టేషన్ వెనక వీధిలో. కారు ఆగగానే ముద్దుకృష్ణే బయటికి వచ్చాడు. అక్క చేతిలో సంచి అందుకున్నాడు. సుప్రజ తల మీద చెయ్యి వేసి, ఏం మేడమ్, చిక్కిపోయినావే అన్నాడు. తర్వాత బావ వైపు తిరిగాడు.

“రా బావా. లోపలికి రా. ఎండలో వచ్చినావు.”

కుర్చీ తెచ్చి వేశాడు. తువాలుతో తుడిచి మరీ వేశాడు. ఫ్యాను ఆయన వైపు తిప్పాడు. అత్తగారు పార్వతమ్మ మజ్జిగ తెచ్చింది, బాగుండావా అప్పా, షుగర్ ఎట్ల ఉండాది అని అడిగింది. ఒక్క మాట తేడాగా లేదు. వరదరాజులు దారి పొడుగునా తిట్లకు సిద్ధమై వచ్చాడు. ఎవరు ఏం తిడితే ఏం చెప్పాలో అమర్చుకుని వచ్చాడు. అమర్చుకున్నదంతా ఆ మజ్జిగ గ్లాసు ముందు పనికిరాకుండా పోయింది.

బల్ల మీద ఒక పెద్ద బ్యాగు సర్ది ఉంది. పక్కన బూట్లు, కొత్తవి.

“యాడికన్నా పోతాండావా?” అని అడిగాడు.

హోసూరులో కంటైనర్ లారీల కంపెనీ ఒకటి ఉందని, ఉత్తరాదికి తిప్పుతారని, హిందీ మాట్లాడే డ్రైవర్లు కావాలంటే పోయి కనపడ్డానని ముద్దుకృష్ణ చెప్పాడు. వాళ్ళు ఫోన్లో ఎవరితోనో హిందీలో మాట్లాడించి చూసి, వెంటనే తీసుకున్నారట. తెల్లవారి బండి ఎక్కాలట.

“ఆ లారీల్లోనూ కెమెరా ఉంటాది కదా” అన్నాడు వరదరాజులు. ఎందుకన్నాడో ఆయనకే తెలీదు.

“ఉంటాది బావా. అన్ని లారీల్లోనూ వచ్చేసినాయి. ఆడ మిషన్ అరుస్తాది. మనిషి అరవడు.”

పార్వతమ్మ లేచి లోపలికి పోయింది. సుప్రజ కూడా అవ్వ వెంట పోబోయి, తల్లి చూపు చూసి ఆగిపోయింది.

వరదరాజులు లారీ తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. గుడ్డలు పెట్టాడు. లక్ష్మీపతితో మాట్లాడి వచ్చానని, సంబంధం పోలేదని చెప్పాడు. తాళాల వైపు ముద్దుకృష్ణ చూడలేదు. రేవతి పేరు వచ్చినప్పుడు మాత్రం కళ్ళు ఒకసారి పైకి లేచాయి. అది కనిపెట్టిన వరదరాజులు అక్కడే పట్టు బిగించాడు. లారీని నీ పేరు మీదికి మార్పిస్తానన్నాడు. రాయపూర్ బేరాలన్నీ నువ్వే చూసుకో అన్నాడు. పెళ్ళి ఖర్చు నాది అన్నాడు.

“పాట పెంచబాక బావా” అన్నాడు ముద్దుకృష్ణ మెల్లగా.

వరదరాజులు గుడ్డల మీద నుంచి చెయ్యి తీసేశాడు.

“ఒకటి అడుగుతా, చెప్తావా?” అన్నాడు ముద్దుకృష్ణ.

“అడుగు.”

“ధర దాకా వింటివి. ఆ పైన యాల వినలే?”

పాట అలవాటని చెప్పవచ్చు. హిందీ రాదని చెప్పవచ్చు. రెండూ నిజాలే, రెండూ చాలవు. ఆ పైన వినే అవసరం లేదనిపించింది, ఎందుకంటే విన్నంతవరకూ తన అనుమానానికి సరిగ్గా సరిపోయింది. రాయపూర్ లోడ్లు అనుకున్న ధర పలకడం లేదని అంతకు ముందు నుంచే ఆయన మనసులో ఒక దొంగ కోసం వెతుకుతున్నాడు. ముద్దుకృష్ణ దొరికాడు.

ఆ మాట బయటికి రాలేదు. ముద్దుకృష్ణే చెప్పుకుంటూ పోయాడు, ఎవరి మీదా నేరం మోపకుండా, దారి గుర్తులు చెప్పినట్టు చెప్పాడు. ఆవులిస్తే పెట్టె అరుస్తుంది, పెట్టె అరిస్తే బావ అరుస్తాడు. నోరు ఆడిస్తూ ఉంటే ఆవులింత రాదని కనిపెట్టాడు. ఒంటరిగా ఎంతసేపని మాట్లాడతాడు, అందుకని ఫోన్లో పాఠం పెట్టుకున్నాడు. పోను పోను హిందీ నోటికి వచ్చింది.

“వచ్చినాక తెలిసింది బావా. రాయపూర్లో మన దళారి, సరుకు కొనే సేటు దగ్గర తీసుకునేది ఒక ధర, నీకు చెప్పేది ఒక ధర. నా ముందరే మాట్లాడుకుంటా ఉండిరి, నాకు హిందీ రాదని. సేటునే నేరుగా అడగల్లంటే ఎట్ల అడగాలో తెలీక, దాన్నే పాఠం మాదిరి పెట్టుకుంటి. ఈ తూరి వచ్చి నీకు చెప్పల్లనుకుంటి.”

మజ్జిగ గ్లాసు వరదరాజులు చేతిలో ఉంది. దాన్ని తాళాల పక్కన పెట్టాడు. దొంగ ఎవడో చెప్పడానికి వస్తున్న మనిషినే తాను దొంగ అన్నాడు. తెలుగు వచ్చిన ఆ దళారితో మొన్న కూడా ఫోన్లో మాట్లాడి, మా బామ్మర్ది ఇట్ల చేసినాడప్పా అని చెప్పుకుని బాధపడ్డాడు. ఆ దళారి ఎంతో ఓదార్చాడు.

ఈశ్వరమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. భర్త వైపు చూడటం లేదు. ఆమె చూడకపోవడం ఆయనకు ఆ క్షణంలో దయగానే తోచింది.

“కృష్ణా” అన్నాడు చివరికి. “రేపు పొద్దున పాట మొదలు కాక ముందు, అందరూ ఉన్నప్పుడు చెప్తా. నేను అన్నది తప్పని చెప్తా. నువ్వు రా. నా పక్కన నిలబడు.”

“రేపు నేను హోసూరులో ఉండల్ల.”

“ఒక్క పూట ఆలస్యంగా పో.”

“చెప్పేది నువ్వు కదా బావా. నేను ఏమిటికి?”

“నువ్వు లేకుండా ఎట్ల చెప్పేది? ఎవరికి చెప్పేది?”

నిజానికి ఆయన లెక్క వేరు. ముద్దుకృష్ణ పక్కన నిలబడితే చూసే కళ్ళు ఇద్దరి మీదా పడతాయి. బావా బామ్మర్దులు కలిసిపోయారని పదిమంది నవ్వుతారు, ఎవరో ఒకరు జోకు వేస్తారు, మాట అందులో కలిసిపోతుంది. ఒంటరిగా నిలబడితే మొత్తం తన మీదే పడుతుంది. అవమానాన్ని కూడా ఇద్దరి మధ్యా పంచాలనే చూశాడు.

ముద్దుకృష్ణ బల్ల మీది తాళాలు తీసి, గుడ్డల మీద పెట్టి, ఆ మొత్తాన్నీ మెల్లగా బావ వైపు జరిపాడు.

“నువ్వు నన్ను దొంగ అన్నపొద్దు నేను ఆడ ల్యా బావా. కదిరి దగ్గర బండిలో వస్తాంటి. నేను లేకుండానే అంటివి కదా. కాదనేదానికి మాత్రం నేను ఏమిటికి?”

ఫ్యాను తిరుగుతోంది. సుప్రజ కళ్ళు తుడుచుకుంది. ఈశ్వరమ్మ అప్పుడు చూసింది భర్త వైపు, మొదటిసారిగా.

“నేను ఈడనే ఉంటా” అన్నది. “సుప్రజా నాతోనే ఉంటాది. నువ్వు పో. చెప్పినాక ఫోన్ చెయ్యి.”

వరదరాజులు లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. మదనపల్లె చేరి, తెల్లవారి మండీకి పోయి, అక్కడి మొహాలు చూసేలోపల తన మనసు ఎన్ని దారులు వెతుక్కుంటుందో ఆయనకు బాగా తెలుసు. ఇప్పుడే కట్టుబడిపోవాలి. ఫోను తీసి గుమాస్తా కిరణ్‌కు కలిపాడు. తర్వాత, ఎందుకో, దాన్ని చెవి దగ్గర పెట్టుకోకుండా స్పీకరు తెరిచి బల్ల మీద పెట్టాడు.

“చెప్పన్నా” అన్నాడు కిరణ్. వెనకాల క్రేట్లు దించుతున్న చప్పుడు, హమాలీల మాటలు.

“రేపు పొద్దున పాట మొదలు పెట్టబాక. నేను వచ్చేదాకా అందర్నీ ఉండమను. రైతుల్ని, హమాలీల్ని, కొనేవాళ్ళని. ఆ రోజు ఉన్నోళ్ళంతా ఉండల్ల. పక్క మండీల వాళ్ళను కూడా పిలువు.”

“సరేన్నా. యాలని అడుగుతారు కదా. ఏమని చెప్పేది వాళ్ళకు?”

లోపలి నుంచి పార్వతమ్మ వచ్చి గడప దగ్గర ఆగింది. ముద్దుకృష్ణ బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు దొంగ అనే మాట గొంతులోంచి ఎంత సులువుగా వచ్చిందో వరదరాజులుకు గుర్తే. ఇప్పుడు చెప్పాల్సిన మాట, వాడు దొంగ కాదని, దానికంటే ఏమంత పెద్దది కాదు. ఆయన నోరు తెరిచాడు.

క్రేట్ల చప్పుడు ఆగింది. అక్కడ కూడా ఎవరో వింటున్నారు కాబోలు.

“అన్నా” అన్నాడు కిరణ్. “లైన్లో ఉండావా?”